తొందరగా తినేవాళ్లు ముందు

పాయసం ఘుమఘుమలాడుతున్న చోటే ఒక పెద్దమనిషిని ఆకలితో చంపబోయిన ఘనత నాది. ఎలాగో చెబుతాను, కాస్త ఏదైనా తిని కూర్చోండి.

అప్పట్లో తమిళనాడులో కోవిల్‌పట్టి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెప్పేవాణ్ణి. ఒక సోమవారం నాకు ప్రొఫెసర్ పదవికి ఇంటర్వ్యూ. ముందురోజు విరుదునగర్‌లో మా అక్క కూతురి పెళ్లి. మా కాలేజీ యజమానిని, అంటే ఆ ఇంటర్వ్యూలో నా తలరాత రాసే పెద్దాయన్ని, నేనే వెళ్లి పిలిచాను. ఆయన ఇంట్లోనూ మాలాగే తెలుగే. పళ్లసెట్టు మాత్రం కొత్తది.

భోజనాల హాలు చిన్నది, జనం ఎక్కువ. మా బావ వచ్చి, "కంప్యూటరు సదివినోడివి గదప్పా, బంతి నువ్వు సూసుకో" అన్నాడు. తలుపు దగ్గర నిలబడి "రండి, రండి" అనమని ఆయన ఉద్దేశం. నేను మాత్రం క్లాసులో ఏళ్ల తరబడి చెప్పిన సూత్రాన్ని అమలులో పెట్టాను: చిన్న పని ముందు, పెద్ద పని తరువాత. తొందరగా తినేవాళ్లను ముందు కూర్చోబెడితే, సగటున జనం ఎదురుచూసే సమయం తగ్గుతుంది. ఇది గణితం.

"మీరు ఎంతసేపు తింటారు?" అని ఒక్కొక్కరినీ అడిగాను.

"ఏం కేల్వప్పా ఇది, ఇట్టా ఎవురన్నా అడగతారా? సాపాటు రుసిని బట్టి" అంది ఏళాయిరంపన్నై నుంచి వచ్చిన పెద్దమ్మ. ఆమెను వెనక్కి పంపాను.

యజమాని నిజాయితీగా చెప్పారు. "పళ్లు కొత్తవయ్యా. అప్పడానికే అరగంట."

"అయితే మీరు చివర, అయ్యా."

ఆయన నవ్వారు. తమాషా అనుకున్నారు, పాపం.

డ్రైవర్లు తిన్నారు. మేళగాళ్లు తిన్నారు. నా శిష్యులు గాలివానలా వచ్చి ఆకులు తప్ప అన్నీ మింగారు. అంతలో సాత్తూరు నుంచి ఒక వ్యాను నిండా మనుషులు, "వెంటనే తిరిగి పోవాల" అంటూ దిగారు. ఆనందంతో నా కళ్లు చెమర్చాయి.

అక్క నా చొక్కా పట్టుకుంది. "రేయ్, పెద్దాయన గోడకు ఆనుకున్నాడు. మొగం పాలిపోయింది."

"సగటు చూడక్కా. ఏ పెళ్లిలోనూ ఇంత బాగా వచ్చి ఉండదు."

"సగటుకు కడుపుందా రా?"

పెద్దాయన దగ్గరికెళ్లి, గాలిలో వేలితో గ్రాఫు గీసి వివరించాను.

"అంటే, నా వంతు ఎప్పుడు?"

"తొందరగా తినేవాళ్లు రావడం ఆగినప్పుడు, అయ్యా."

"ఎప్పుడు ఆగుతారు?"

"అది ఈ సూత్రంలో లేదు."

చివరికి ఆయన ఆకు ముందు కూర్చునేసరికి మిగిలింది రసం, అదీ పైతేట. నెమ్మదిగా తాగి లేచారు. "బాగుందయ్యా నీ సూత్రం. గుర్తుపెట్టుకుంటాను." మెచ్చుకున్నారని పొంగిపోయి డైరీలో ఎర్ర సిరాతో రాసుకున్నాను.

సోమవారం ఇంటర్వ్యూ గది బయట మొదటి కుర్చీ నాదే. వచ్చిన ప్రతి కాగితమూ దాచే మనిషిని కాబట్టి నా ఫైలు దిండంత ఉంది. గుమాస్తా దాన్ని ఎత్తి బరువు చూశాడు.

"ఇది చదవడానికి చాలాసేపు పడుతుంది సార్. సన్న ఫైళ్లు ముందు. అయ్యగారు చెప్పారు."

సన్న ఫైళ్లు వస్తూనే ఉన్నాయి. నా దగ్గర చదువుకున్నవాడే ఒకడు ఒంటి కాగితంతో లోపలికెళ్లి ప్రొఫెసరై బయటికొచ్చాడు. "ఇంకా కూర్చునే ఉన్నారా సార్?" అని ప్రేమగా అడిగాడు.

సాయంత్రం, నా వంతు రాకుండానే పెద్దాయన తలుపు మూయించి, నా భుజం తట్టారు. "సగటు బ్రహ్మాండంగా వచ్చిందయ్యా."

నేరుగా కాలేజీ క్యాంటీన్‌కి వెళ్లి, పొయ్యి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇక ఏ పెళ్లిలోనూ బంతి తీర్చను. ఎవరెంతసేపు నమిలినా నోరెత్తను. అన్నిటికంటే ముఖ్యం, నా ప్రమోషన్ మీద సంతకం పెట్టాల్సిన మనిషికి, అదీ ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు, పాఠం చెప్పను.