కళ్లు పెట్టని అమ్మవారు

తాళ్లపుట్టుగ కుమ్మరి వీధిలో పెద్దతల్లికి ఒక పనుంది. ఊరందరికీ ఆ పనంటే భయం, ఆ పని లేకపోతే ఇంకా భయం. ఆమె అమ్మవారి ముఖం చేస్తుంది. కుండలు మగవాళ్లు సారె మీద చేస్తారు, ఆడది సారె తిప్పకూడదు. అమ్మవారి ముఖానికి సారెతో పనిలేదు, వట్టి చేతులతో చేసేది. అందుకని అది అత్త నుంచి ఆమెకు వచ్చింది. మొగుడు పోయి పన్నెండేళ్లయింది. మరిదికి మట్టి తొక్కిపెట్టి, కుండలు కాల్చే ఆవం పేర్చిపెట్టి, రెండు పూటలా గంజి తాగి బతికేది. మామూలు రోజుల్లో ఆమె ఉందో లేదో ఎవరికీ పట్టదు. ఊళ్లో ఏ పిల్లకైనా ఒళ్లు కాలి పొక్కులు లేచాయంటే మాత్రం పెద్దలంతా ఆమె గుమ్మంలో ఉంటారు.

ఆ జబ్బును జబ్బనకూడదు. అమ్మవారు వచ్చింది అనాలి. వచ్చిన అమ్మకు మూడు రోజులు పూజ చేసి పొలిమేర దాటించి సాగనంపాలి. అందుకు చిన్న కర్రబండి ఒకటి చేస్తారు. అందులో మట్టిముఖం, వేపమండలు, పసుపు నీళ్లు, జబ్బున్న ప్రతి ఇంటి నుంచీ ఒక గుడ్డ. పక్క ఊరివాళ్లు పొద్దున లేచి బండిని చూస్తారు. చేత్తో ముట్టుకోరు. పొడుగాటి వెదుళ్లతో నెట్టుకుంటూ తమ ఊరి అవతలి పొలిమేరకు చేరుస్తారు. అలా ఊరూరూ దాటి అమ్మ సముద్రంలో కలుస్తుంది. ఇది ఎవరు ఎవరికి చేస్తున్న ధర్మమో నాకైతే ఎప్పుడూ అర్థం కాలేదు గాని, మా ఉద్దానం ఊళ్లలో తరతరాలుగా అలాగే జరిగింది.

ఇందులో అసలు ఘట్టం కళ్లు. ముఖమంతా ఇంటి దగ్గరే చేసినా కళ్లు మాత్రం పొలిమేరలోనే పెట్టాలి. బండిని పక్క ఊరివైపు తిప్పి నిలబెట్టాక ఊరంతా వీపు తిప్పుకుంటుంది. చేసిన మనిషి ఒక్కతే ముందుకు వెళ్లి, రెండు తెల్లని గవ్వలు అద్ది, తాటి ఈనెతో మసిచుక్క పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేయాలి. కళ్లు ఏ ఊరిని మొదట చూస్తే అమ్మ ఆ ఊరికి పోతుంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఎండాకాలం. పదిరోజుల్లో తాళ్లపుట్టుగలో ఐదుగురు పిల్లలు పోయారు. కుమ్మరి వీధిలోనే గవరమ్మ కొడుకు, మూడేళ్లవాడు, పోయాడు. ఎప్పుడూ దక్షిణం వైపు జీడితోటల్లోంచి ఇసుకపర్రలోకి సాగనంపేవారు. అటు ఊరు లేదు గనక, మిగతా ఊళ్లలా తాళ్లపుట్టుగ అమ్మను ఎవరి మీదికీ నెట్టేది కాదు. ఆ ఏడు ఆ పర్రలో కొత్తగా గుడిసెలు వేసుకున్నవాళ్లు కర్రలు పట్టుకుని కాపలా కూచున్నారు. మునసబు వైకుంఠరావు ఆలోచించి, తూర్పున గెడ్డవాగు దాటిద్దామన్నాడు.

గెడ్డ అవతల గుల్లలపేట. పెద్దతల్లి ఒక్కగానొక్క కూతురు నీలమణిని ఇచ్చింది ఆ ఊరికే. నాలుగేళ్ల మనవరాలు కోటమ్మ కూడా అక్కడే ఉంది.

పెద్దతల్లి జన్మలో మొదటిసారి మునసబు అరుగు దగ్గరికి వెళ్లి నోరు విప్పింది.

“బాబూ, ఆ ఊర్లో నా గుంట ఉంది. దాని గుంట ఉంది. ఇంకో దారి సూడండి బాబూ.”

వైకుంఠరావు కసురుకోలేదు. ఆయన కళ్లూ ఎర్రగానే ఉన్నాయి. “ఆ ఊర్లో ఎవులి పిల్లలు నేరు పెద్దతల్లీ? నా సెల్లి నేదా? మన ఊర్లో ఐదుగురు పోనారు. ఇంకెంతమంది పోవాలంతావు?”

పోయి కూతురికి చెప్పి వద్దామంటే, పూజ మొదలయ్యాక జబ్బు తగ్గేదాకా ఊరివాళ్లెవరూ పొలిమేర దాటకూడదు. దాటితే కాళ్లు విరగ్గొడతారు. ఇంటికొచ్చి మట్టి ముందు కూచుంది, ముద్ద చేతికి అంటడం లేదు.

ఆ మధ్యాహ్నమే సత్యవేదం మాస్టారు వచ్చాడు. ఊరి బయట మిషన్ బడిలో పాఠాలు చెప్పే మనిషి. పొలిమేర దాటకూడదన్న కట్టుబాటు ఆయన ఉండే మిషన్ పేటకు లేదు. బడికి కావలసిన కూజాలు ఆమె దగ్గరే కొనేవాడు, వచ్చినప్పుడల్లా టీకాలు వేయించుకోమని పోరేవాడు. ఎవరూ చెవిన పెట్టేవారు కాదు. మాస్టారికి ఇంకో పిచ్చి కూడా ఉంది. బొమ్మలు చేసే చేతులంటే ఆయనకు మహా ఇష్టం. దేశం వదిలి వెళ్లిపోతూ ఒక దొరసాని ఇచ్చిన బొమ్మల పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని తిరిగేవాడు. ఆమె ముఖం చూసి, కాస్త మనసు మళ్లుతుందేమోనని ఆ రోజు అది తెరిచాడు.

“ఇవన్నీ ఒకప్పటి అమ్మవార్లే పెద్దతల్లమ్మా. చూడు, ఈవిడది ఐగుప్తు దేశం. సింహం ముఖం. తెగుళ్లు పంపేదీ ఈవిడే, మాన్పేదీ ఈవిడే అనుకునేవారట.”

పెద్దతల్లి మట్టిచేతులు కోకకు తుడుచుకుని ముందుకు వంగింది. “మన అమ్మోరు లాగే.”

ఇంకో పేజీలో రెండు పిడికిళ్లలో రెండు పాములు పట్టుకున్న ఆవిడ ఉంది. సముద్రం మధ్యలో ఏదో లంకట. మరో పేజీలో ఒళ్లంతా చన్నులే ఉన్న తల్లి, ఎంతమంది బిడ్డలకు పాలిచ్చేదో. పెద్దతల్లి బొమ్మల కింద అక్షరాలు చూడలేదు, ముక్కు దగ్గర నొక్కు ఎలా తీశారో, పెదవి అంచు ఎక్కడ ఆపారో చూసింది. ఆ చేసినవాళ్లెవరో తన వీధిలోవాళ్లేనన్నట్టు తల ఊపింది. తర్వాత ఒక తెల్లరాతి ముఖం వచ్చింది. ఎంత నిమ్మళమైన ముఖమో. కళ్లుండాల్సిన చోట రెండు గుంటలున్నాయి.

“ఈవిడికి కళ్లు పెట్టనేదేటి?”

“పెట్టారు. ఏవో రాళ్లు పొదిగి ఉంటారు, ఎప్పుడో ఊడిపోయాయి.”

“మరి కళ్లు పోయినాక ఈవిడ ఏటి సేసింది?”

మాస్టారు నవ్వాడు. “ఏం చేస్తుంది? బొమ్మై కూచుంది. ఇప్పుడు అద్దాల బీరువాలో పెట్టుకున్నారు. ఎవరికీ ఏ భయమూ లేదు.”

ఆ మాట ఆమెను పట్టుకుంది. ఆ గుంటల మీద వేలు పెట్టి చూసింది. తూర్పు దారి సంగతి మెల్లగా మాస్టారికి చెప్పింది. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

“నేను ఇప్పుడే గుల్లలపేట వెళ్తాను. బండి జోలికి పోవద్దని నీలమణికి చెప్తాను. శుక్రవారం మందసకు టీకాలాయన వస్తున్నాడు, పిల్లనెత్తుకుని అక్కడికి పొమ్మంటాను.”

ఒక్క మాట, ఊఁ అంటే సరిపోయేది. కాని కబురు బయటపడితే పొలిమేర రహస్యం అమ్మేసిందని ఊరు తనను బతకనివ్వదు. పైగా ఇప్పుడు ఆమెకు దారి దొరికింది.

“ఒద్దు బాబూ. నాను సూసుకుంతాను.”

మాస్టారు బతిమాలాడు. ఆమె వినలేదు. ఈ చోట నాకు ఆమె మీద కోపమే వస్తుంది, దాచుకోను. కాని ఆ చేతులకు తెలిసిన విద్య అదొక్కటే.

మూడోనాడు డప్పుల మధ్య బండి గెడ్డ ఒడ్డుకు చేరింది. వేపమండల కింద ఒక్కో ఇంటి గుడ్డా పడుతోంది. చీర, తుండు, దుప్పటి. గవరమ్మ ఏడుస్తూ కొడుకు పడుకున్న బొంత తెచ్చి వేసింది. ఎర్రగుడ్డ అతుకులతో వేసంగి అంతా కూచుని కుట్టిన కొత్త బొంత. డప్పులు ఆగాయి. ఊరంతా వీపు తిప్పుకుంది. పెద్దతల్లి గవ్వలు గుప్పెట్లో పట్టుకుని బండి ముందుకు వెళ్లింది. ఎదురుగా గెడ్డ అవతల కొబ్బరిచెట్ల మీద పొగ కనిపిస్తోంది. అందులో ఒక పొగ నీలమణి పొయ్యిది.

“అమ్మా, నన్ను సెమించు. నువ్వు సూడకు తల్లీ” అంది గొంతులోనే.

గవ్వలు బొడ్లో దోపుకుంది. వెనక్కి చూడకుండా వచ్చేసింది. మగవాళ్లు వెనక నుంచే పొడుగాటి వెదుళ్లతో నెట్టి బండిని అవతలి ఒడ్డుకు చేర్చారు. ఆ పూట చాలా రోజుల తర్వాత కడుపునిండా గంజి తాగింది.

తాళ్లపుట్టుగలో ఇంకో ముగ్గురు పిల్లలు పోయి జబ్బు తగ్గుముఖం పట్టింది. కట్టుబాటు ఎత్తేసిన రోజే గుల్లలపేట నుంచి కబురు వచ్చింది. పెద్దతల్లి మొలలోతు గెడ్డ దాటి, తడికోకతో, ఇసుకలో పడుతూ లేస్తూ కూతురింటికి చేరింది. గుమ్మానికి వేపమండలు వేలాడుతున్నాయి.

నీలమణి అరిటాకు మీద పడి ఉంది. కన్నతల్లి పోల్చుకోవడానికి ఆ ముఖంలో ఏమీ మిగల్లేదు. పక్కన కోటమ్మ, రెప్పలు అంటుకుపోయి, మూలుగుతోంది. పిల్ల మీద ఎర్రగుడ్డ అతుకుల బొంత కప్పి ఉంది.

పెద్దతల్లి వంగి ఆ ఎర్ర అతుకులు తడిమింది.

“ఒలమ్మా, ఈ బొంత ఎక్కడిదే?”

“బండిలోది” అంది నీలమణి. మాట మాటకూ ఆయాసం. “అందరూ తలో గుడ్డా తెచ్చుకున్నారు.”

“అమ్మోరి బండిలోది ఎవులన్నా ముట్టుకుంతారేటే?”

“కళ్లు నేవు కదమ్మా. కళ్లు పెట్టనిది అమ్మోరెలాగవుతాది, వట్టి మట్టిబొమ్మ అన్నారు పెద్దలు. వెదుళ్లు పారీసి బండి విప్పీసినారు.” కాసేపు ఆగింది. “నాను ముందు బయపడినాను. దగ్గరికెల్లి సూస్తే నీ సేతి పనే. నీ ముక్కు, నీ గెడ్డం. మాయమ్మ కళ్లు పెట్టకండా పంపిందంటే, బయం నేదే అని నాకు సెప్పినట్టే అనుకున్నాను. రాత్రేళ గాలికి గుంటకి సలేత్తందని బొంత తెచ్చినాను.”

పెద్దతల్లి బొడ్లో గవ్వలు ఇంకా ఉన్నాయి. ఆ బొంతను లాగి అవతల పారేయాలని చెయ్యి చాపింది, పిల్ల చలికి ముడుచుకుపోతుంటే మళ్లీ అదే కప్పింది.

నాలుగోనాడు నీలమణి పోయింది. కళ్లు ఎందుకు పెట్టలేదో నిజం చెప్పడానికి తల్లికి మూడు పగళ్లు దొరికాయి, చెప్పలేకపోయింది. తల్లి ఆ బొమ్మతో తనకు ధైర్యం పంపిందనుకుంటూనే కూతురు కళ్లు మూసింది. గుల్లలపేటలో ఆ నెల పందొమ్మిది మంది పోయారు. వైకుంఠరావు చెల్లెలు వాళ్లలో ఒకతె. కోటమ్మ బతికింది. రెప్పలు విడ్డాక చూస్తే రెండు కళ్లలోనూ తెల్లటి పువ్వులు పూసి ఉన్నాయి. సత్యవేదం మాస్టారు పిల్లను భుజాన వేసుకుని టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్లాడు, ఇక చూపు రాదన్నారట. ఆ బొమ్మల పుస్తకాన్ని ఆయన మళ్లీ ఎవరి ముందూ తెరవలేదు.

పెద్దతల్లి మనవరాలిని తెచ్చుకుని పెంచింది. ఆ తర్వాత టీకాలాయన వస్తే వీధిలో అందరికంటే ముందు చెయ్యి చాపేది ఆమే. మిగతావాళ్లు చాటుగా తిట్టేవారు.

నాలుగేళ్లకు మళ్లీ పొక్కులు లేచాయి, మళ్లీ పెద్దలు గుమ్మంలోకి వచ్చారు. పెద్దతల్లి మట్టి కలిపింది. ఈసారి ముక్కూ నోరూ చేయకముందే, ఇంటి దగ్గరే, కళ్లు పెట్టింది. ఆచారం తప్పిందని పూజారి గోల పెట్టినా లెక్కచేయలేదు. గవ్వలు కాదు, అరచేతులంత మట్టికళ్లు, చుట్టూ సున్నం.

పక్కన కూచున్న కోటమ్మ చేతులు చాపి ఆ ముఖం తడిమింది. ఎనిమిదేళ్ల పిల్ల వేళ్లు ఆ గుండ్రాల మీద ఆగాయి.

“ఇవేటమ్మమ్మా?”

“కళ్లు.”

“ఇంత పెద్దవా? అమ్మోరికి బాగా అవుపడాలనా?”

“ఆయమ్మకి అవుపడక్కర్నేదు” అంది పెద్దతల్లి, ఆ చిన్నచేతిని పట్టుకుని మట్టి తుడుస్తూ. “ఆయమ్మని సూసినోళ్లకి దూరం నుంచే అవుపడాల.”