ఆ చీటీ మీద నేను రాసిన పేరు

మా చిన్నప్పుడు... దిల్‌సుఖ్‌నగర్‌లో మేం చదివిన సర్కారు బడిలో ఏడో తరగతికి నేనే లీడర్ని. టీచర్ లేనప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం, ఇంకా ఆగకపోతే పేరు పక్కన ఇంటూలు పెట్టడం నా పని. సుద్దముక్క చేతిలో ఉంటే నా కాళ్ళు నేల మీద ఆనేవి కావు. అందరికంటే ఎక్కువ ఇంటూలు పద్మకే... పోచంపల్లి నుంచి వచ్చిన నేతపనివాళ్ళ పిల్ల, ఒట్టి వసపిట్ట.

ఒకరోజు హోంవర్క్ చేయలేదని సోషల్ టీచర్ నన్ను బెంచీ ఎక్కించింది. లీడర్ని... అందరి ముందూ. ఆ అవమానం దిగమింగలేకపోయాను. ఆదివారం నాగోలులో మూసీ పక్క తుప్పల్లోంచి దూలగొండి కాయలు కోసుకొచ్చాను. వాటి నూగు ఒంటికి తగిలితే ఒకటే దురద. సోమవారం ఇంటర్వెల్‌లో ఆ నూగంతా ఆవిడ కుర్చీ మీద దులిపాను.

కాసేపు గోక్కుంటుంది, నవ్వుకోవచ్చు అనుకున్నాను. ఆవిడకి చేతులు దద్దుర్లెక్కి, కళ్ళు వాచిపోయి, ఆటోలో దవాఖానకు తీసుకెళ్ళాల్సి వచ్చింది.

హెడ్మాస్టరమ్మ నన్ను గదిలోకి పిలిచి ఒక చీటీ ఇచ్చారు. "లీడర్‌వి కదా, ఎవరు చేశారో రాయి."

అలవాటు కొద్దీ పద్మ పేరు రాసేశాను... లేదు, అది అబద్ధం. ఆలోచించే రాశాను. ఆ పేరైతే ఎవరూ మారు ప్రశ్న వేయరని నాకు తెలుసు.

వేయలేదు కూడా. మర్నాడు వాళ్ళ నాన్న వచ్చి చేతులు జోడించాడు. "మేడం, జర ఈ ఒక్కసారి ఇడిసిపెట్టుండ్రి... బిడ్డ బతుకు ఆగమైతది." పక్కన పద్మ "నేను చెయ్యలే" అని ఏడుస్తూనే ఉంది. కిటికీ అవతల నిలబడి అంతా విన్నాను. గంట కొట్టగానే క్లాసుకి వెళ్ళిపోయాను.

ప్రవర్తన బాగాలేదని రాసి టీసీ చేతిలో పెట్టారు. ఆ ముక్క చూసి చుట్టుపక్కల ఏ బడీ చేర్చుకోలేదు. పద్మ చీరల కొట్లో మడతలు పెట్టే పనికి కుదిరింది.

ఇప్పుడు నేను ఎల్బీ నగర్‌లో సర్కారు టీచర్ని. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఎంత తప్పు చేసినా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదని చట్టం వచ్చింది. "ఈ చట్టాలతో పిల్లలు నెత్తికెక్కుతున్నారు" అని స్టాఫ్‌రూంలో తోటివాళ్ళు విసుక్కుంటారు. నేను తల దించుకుని పేపర్లు దిద్దుకుంటాను. అప్పుడే ఈ చట్టం ఉంటే పద్మ చదువు ఆగేది కాదు... నేను నోరు విప్పినా ఆగేది కాదు. సిగ్గుగా ఉంది.

మొన్న జూన్‌లో పద్మ తన కూతురిని చేర్పించడానికి మా బడికే వచ్చింది. నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది.

"టీచరైనవా... మస్తు సంబురమైంది. నా బిడ్డ జర అల్లరిది. దీని మీద ఎవరన్న ఏమన్న చెప్తే, ముందుగాల దీన్నే అడుగు, ఏం?"

"అలాగే పద్మా" అన్నాను. చేరిక ఫారం తీసి పాప పేరు రాశాను.

ఆ పాప రోజూ నా క్లాసులోనే కూర్చుంటోంది... ఇన్నేళ్ళ తర్వాత తప్పు ఒప్పుకున్నవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, మొదటి మాట ఏమని మొదలుపెట్టారో నాకు చెప్పండి.