మావయ్య కొన్న వరసిల్లు

మా మావయ్య పోయారు. జగ్గయ్యపేట నుంచి వచ్చిన బస్సు కండక్టరు నందిగామ బస్టాండులో ఆ మాట చెబితే, చేతిలో సంచీతోనే జగ్గయ్యపేట బస్సెక్కాను.

బడిపంతులు. పాఠం చెప్పడమే గాని బేరం చెయ్యడం ఎరగని మనిషి. అలాంటాయనకి జగ్గయ్యపేటలో వరసిల్లు కొనాలని ఎందుకు పుట్టిందో! వారసులు గాలికొదిలేసిన ఇల్లది. ఒకే కప్పు కింద వరసగా నాలుగు వాకిళ్లు, పైన కుళ్లిన తాటాకు. మొదటి వాకిట్లో తను దిగి, అద్దెకున్న మూడు కాపురాలనూ ఉండనిచ్చారు. వాళ్లని ఖాళీ చేయించి బాగుచేసుకోమని అందరం చెప్పాం. "మనుషులున్నారు కాబట్టి ఇల్లురా, లేకపోతే మట్టిదిబ్బ" అన్నారు.

వానకి కురుస్తోందని కాపురాలవాళ్లు మొరపెట్టుకుంటే, తాటాకు దింపించి బెంగుళూరు పెంకులు వేయించారు. ఎర్రటి కప్పు చూసుకుని మురిసిపోయారు, పిచ్చి మావయ్య. తాటాకు మోసిన మట్టిగోడ పెంకులూ మోస్తుందనుకున్నారు. అడుగున మట్టిని చౌడు తినేసి గుల్ల చేసిందని చూడలేదు. ఆ ఏడు ముసురులో మూడో వాకిలి వెనకగోడ కూలింది. పొయ్యి దగ్గరున్న ఇల్లాలు దానికింద పడి చనిపోయింది.

గోడలన్నీ రాతి పునాదులతో మళ్లీ కట్టించారు. ఆవిడ భర్త ఆ ఇంట్లోనే ఉండిపోయాడు. మావయ్యని పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది, ఆ మౌనమే ఆయన్ని తినేసింది.

ఆ తర్వాత చిల్లకల్లులో గాని, కీసరలో గాని ఎవరు పాత ఇల్లు కొంటున్నా పిలవని పేరంటానికి వెళ్లినట్టు వెళ్లేవారు. గొడుగు కొసతో గోడ అడుగున గుచ్చి చూసేవారు. "తలెత్తి చూసేముందు వంగి చూడండయ్యా" అనేవారు. జనం విసుక్కున్నా మానలేదు. ఆయన మాట విని బేరం మానుకున్నవాళ్లు ఇవాళ క్షేమంగా ఉన్నారు, అందులో నేనూ ఒకణ్ణి.

మూడో వాకిలి గడప మాత్రం తొక్కలేదు. పండక్కి పిలిచినా వీధిలో నిలబడే పలకరించి వచ్చేసేవారు.

మావయ్య శవపెట్టె మోసుకుని సమాధుల దొడ్డికి బయల్దేరుతుంటే ఆ వాకిలాయన ఎదురొచ్చాడు.

"ఒక్క నిమిషం మా ఇంట్లో దించండి బాబూ. మా ఆడమనిషి పోయిన కాణ్ణించి లోపలికి రాలేదాయన. చెయ్యిపట్టుకుని తీసుకురాలేకపోయా."

పాస్టరుగారు తలూపారు. పెట్టెను వెనకగోడ పక్కన చాపమీద దించాం. ఇంటికొచ్చిన మనిషికిచ్చినట్టు ఆయన గ్లాసుతో మంచినీళ్లు తెచ్చాడు. తెచ్చి, ఎవరికివ్వాలో తెలియక అలా పట్టుకుని నిలబడ్డాడు.