గుంజితే ఆగుడే

సక్కుబాయికి నలభై ఆరేళ్లు. మూసాపేటలో ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కతే ఉంటుంది. రోజూ పొద్దున్నే రెండు బస్సులు మారి కొండాపూర్‌లోని పద్దెనిమిది అంతస్తుల అపార్టుమెంటుకు వచ్చి మూడిళ్లలో వంట చేస్తుంది. ఆ మూడింటిలో ఆమె మనసు నిలిచిన ఇల్లు తొమ్మిదో అంతస్తులోని మరియమ్మ గారిది. మరియమ్మ ఒంగోలులో నర్సుగా చేసి రిటైరై, కూతురు బ్లెస్సీ దగ్గరికి వచ్చేసింది. బ్లెస్సీది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్లతో పాటు ఆ ఇంట్లో మూడో ప్రాణి సామ్సన్. ముప్పై ఆరు కిలోల నల్ల కుక్క. మనుషులు కనిపిస్తే చాలు, మీదపడి నాకేంత ప్రేమ. కానీ తాడు కట్టి కిందికి తీసుకెళ్తే మాత్రం పట్టుకున్నవాళ్ల భుజం ఊడేలా లాక్కుపోయేవాడు.

ఆగస్టులో ఒక సాయంత్రం మరియమ్మను అలాగే లాక్కుపోయాడు. గేటు దగ్గర ఎవరో తిని పారేసిన బిర్యానీ పొట్లం వాసన తగిలింది వాడికి. మరియమ్మ తాడు వదల్లేదు. వదిలితే రోడ్డు మీదికి పోయి ఏ క్యాబ్ కిందో పడతాడని భయం. బోర్లా పడింది. పని ముగించుకుని అప్పుడే బయటికి వస్తున్న సక్కుబాయి, చేతిలో సంచి కింద పారేసి తాడు అందుకుంది. మరియమ్మ కుడి మణికట్టు విరిగింది.

మూడు రోజులకు అపార్టుమెంటు కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. రాసింది సెక్రటరీ నరేందర్. "మీ కుక్కతో అందరికీ ప్రమాదం. ముప్పై రోజుల గడువు ఇస్తున్నాం. కమిటీ ముందు కుక్క తాడు లాగకుండా, నెమ్మదిగా నడిచి చూపించాలి. లేదంటే కుక్కను ఇక్కడి నుంచి పంపించేయాలి." అదీ సారాంశం.

బ్లెస్సీ ఆ రాత్రే ఎవరో చెప్పిన ట్రైనర్‌కు ఫోన్ చేసింది. అతని పేరు ఆదర్శ్. నాలుగో రోజున వచ్చాడు. బ్యాగులోంచి ఒక ఇనుప మెడపట్టీ తీసి సామ్సన్ మెడకు బిగించాడు. పట్టీకి లోపలివైపు వరసగా మొనలు. సామ్సన్ అలవాటు ప్రకారం తలుపు వైపు ఉరికాడు. ఆదర్శ్ తాడును ఒక్క ఊపున వెనక్కి గుంజాడు. సామ్సన్ కుయ్యిమని అరిచి సోఫా కిందికి దూరబోయాడు.

వంటగదిలో దోసకాయ తరుగుతున్న సక్కుబాయి కత్తిపీట పక్కకు పెట్టి వచ్చింది. ఎవరినీ అడగలేదు. సామ్సన్ ముందు కూర్చుని ఆ పట్టీ విప్పింది.

"ఆంటీ, గా పట్టీ తియ్యొద్దు. గుంజితే గుచ్చుకుంటది, గుచ్చుకుంటే గుంజుడు బంద్ చేస్తది. ఆరు క్లాసుల్ల సెట్ అయితది," అన్నాడు ఆదర్శ్.

"గంత మంచిదైతే ముందుగాల నీ మెడకు పెట్టుకో బిడ్డా. నేను గుంజుత. ఎన్ని క్లాసుల్ల సెట్ అయితవో చూద్దాం."

ఆదర్శ్ ముఖం ఎర్రబడింది. బ్లెస్సీ వైపు తిరిగాడు. "మేడం, వంటామె చెప్తే నేను వినాల్నా? గీమెతోనే నేర్పించుకోండ్రి." పట్టీని బ్యాగులో పడేసుకుని వెళ్లిపోయాడు.

బ్లెస్సీ తల పట్టుకుంది. "ఎంత పని చేశారక్కా! ఇంక ఇరవై ఆరు రోజులే ఉన్నాయి."

"నేను నేర్పుత."

"కుక్కల గురించి మీకేం తెలుసు?"

"కుక్కల సంగతి తెల్వది బ్లెస్సమ్మా. గుంజుడు సంగతి తెల్సు."

ఆ మాటకు అర్థం మధ్యాహ్నం మరియమ్మకు తెలిసింది. చేతికి సిమెంటు కట్టుతో ఉన్న ఆమెకు అన్నం కలిపి ఇస్తూ సక్కుబాయే చెప్పింది. "మా ఆయన నన్ను ఎన్నడు పక్కకు నడవనియ్యలే అమ్మా. బజారుకు పోయినా, సుట్టాలింటికి పోయినా రెక్క పట్టి గుంజుకపోవుడే. గుంజినకొద్ది నాకు ఎనక్కే పోబుద్ధి అయ్యేది. పన్నెండేండ్లు గట్లనే నడిచిన. ఒకరోజు కూకట్‌పల్లి బస్టాపుల చెయ్యి ఇడిపించుకున్న. మళ్ల ఇయ్యలే. గుంజేటోడు ఉంటే గుంజబడేటోడు సుత గుంజుతనే ఉంటడు. ఇద్దర్ల ఒకలు ఆపాలె. సామ్సన్‌కు బుద్ధి తక్కువ, నేనే ఆపుత."

మరియమ్మ ఎడమ చేత్తో ముద్ద అందుకుంది. "ఫ్రిజ్‌లో చికెన్ ఉంది, కాస్త ఉడకబెట్టు. ఉప్పూకారం వెయ్యకు. పని చేసిన వాడికి కూలి ఉండాలిగా," అంది.

మర్నాడు మొదలుపెట్టారు. ఇంటి తలుపు నుంచి లిఫ్టు దాకా ఇరవై అడుగుల వరండా. సామ్సన్ గడప దాటగానే ఉరికాడు. తాడు బిగిసింది. సక్కుబాయి నిలబడిపోయింది. వెనక్కి లాగలేదు, కసరలేదు, పేరు పెట్టి పిలవలేదు. రెండు కాళ్లు నేలకు దిగేసినట్టు నిలబడింది. సామ్సన్ ముందుకు తోసుకున్నాడు, పక్కకు తోసుకున్నాడు, మొరిగాడు. చివరికి ఈమెకేమైందోనన్నట్టు వెనక్కి తిరిగి చూశాడు. తాడు కాస్త వాలింది. "శభాష్!" అని ఎడమ మోకాలి పక్కన చేయి కిందికి పెట్టి చికెన్ ముక్క ఇచ్చింది. ఒక అడుగు వేసింది. మళ్లీ గుంజాడు. మళ్లీ ఆగింది.

ఆ ఇరవై అడుగులకు నలభై నిమిషాలు పట్టింది. లిఫ్టు తలుపు తెరుచుకోకముందే ఆ రోజు పాఠం అయిపోయింది.

నాలుగు రోజులకు వరండా పూర్తయింది. ఐదో రోజు కార్లు పెట్టే సెల్లార్‌లోకి దిగారు. అక్కడ డ్రైవర్లు, వాచ్‌మన్లు, కార్లు కడిగేవాళ్లు ఉంటారు. సక్కుబాయి మూడడుగులకోసారి బిగుసుకుపోయి నిలబడుతుంటే వాళ్లకు నవ్వాగలేదు. "ఏంది సక్కుబాయక్కా, స్టాచ్యూ ఆటనా?" అని అరిచాడు ఒక డ్రైవరు.

"ఔ. గెలిచినోనికి చికెన్. ఆడుతవా?" అంది తల తిప్పకుండానే.

అదే వారం ఒక పిల్లి కారు కిందనుంచి ఉరికింది. సామ్సన్ దాని వెంట ఉరికాడు. సక్కుబాయి రెండు మోకాళ్ల మీద పడింది. చీర చిరిగి రక్తం కారింది. పైకి వచ్చాక బ్లెస్సీ ఆ మోకాళ్లు చూసి ఏడ్చింది. "వద్దక్కా, వదిలేద్దాం. వైజాగ్‌లో మా బాబాయి వాళ్లు తీసుకుంటామన్నారు." సక్కుబాయి మోకాళ్లు కడుక్కుంది, మరియమ్మ చెప్పిన మందు రాసుకుంది, మళ్లీ తాడు అందుకుంది. "పడ్డకాడనే ఆపితే వాడు గెల్సినట్టు అనుకుంటడు," అని సెల్లార్‌కు తిరిగి వెళ్లింది.

ఇంకో అడ్డంకి ఇంట్లోనే వచ్చింది. ఆదివారం సక్కుబాయి సెలవు. సోమవారం వచ్చి చూస్తే సామ్సన్ నేర్చుకున్నదంతా మరిచిపోయినట్టు లాగుతున్నాడు. ఏం జరిగిందని అడిగితే బ్లెస్సీ నసిగింది. "నిన్న ఆఫీసు కాల్ ఉంది. తొందరలో... వాడు లాగుతుంటే వెనకాలే పరిగెత్తానండి."

సక్కుబాయి గొంతు పెంచింది. జీతమిచ్చే మనిషని చూడలేదు. "నేను వారమంతా నిలవడి నిలవడి కాళ్లు పోగొట్టుకుంటున్న. నువ్వు ఒక్క పూట ఎనక ఉరికి, గుంజితే పని అయితదని చెప్పినవు వానికి. టైం లేకుంటే తీస్కపోకు. తీస్కపోతే నా లెక్కనే ఆగాలె. ఇంట్ల ఒక్కలు తప్పినా నేను చెయ్య."

బ్లెస్సీ తల ఊపింది. ఆ రోజు నుంచి ఆమె కూడా ఆగడం నేర్చుకుంది. నిజం చెప్పాలంటే సామ్సన్ కంటే ఆమెకే ఎక్కువ కష్టమైంది.

గడువుకు పద్నాలుగు రోజులు ఉందనగా సక్కుబాయి సామ్సన్‌ను పైకి, చెట్ల మధ్య ఉన్న నడకదారి మీదికి తెచ్చింది. రెండో రోజే నరేందర్ ఎదురొచ్చాడు. షూ వేసుకుని పొద్దుటి నడకకు వచ్చినవాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏయ్, ఇది రెసిడెంట్స్ ట్రాక్. పనోళ్లు ఇక్కడ నడవొద్దని తెల్వదా? కుక్కను వెనక సర్వీసు గేటు దిక్కు తీస్కపో."

"ఎనక డస్ట్‌బిన్లు ఉన్నయి సార్. వీడు అమ్మను పడగొట్టింది ముందల గేటు కాడ. నేర్చుకోవాల్సింది సుత ఈడనే."

"రూల్ రూలే."

"కుక్క నడవొచ్చు, నేను నడవొద్దు, గదేనా రూలు? ఏడ రాసున్నదో చూపియ్యుండ్రి సార్. నాకు సదువు రాదు, బ్లెస్సమ్మ సదివి చెప్తది."

చుట్టూ నడుస్తున్నవాళ్లు ఆగి చూశారు. నరేందర్ రూలు చూపించకుండా ఫోన్ తీసుకుని పక్కకు వెళ్లిపోయాడు. కానీ మరుసటి రోజు పొద్దున సక్కుబాయి గేటు దగ్గరికి రాగానే, వాచ్‌మన్ వీరేశం తన ఫోన్‌లోని గేటు పాసుల యాప్‌లో ఆమె నంబరు కొట్టి తల గోక్కున్నాడు. రోజూ ఆకుపచ్చగా వచ్చే గుర్తు ఎర్రగా వచ్చింది.

"అక్కా, నీ పాస్ బంద్ చేసిండ్రు. నేనేం చెయ్యలేను. నా నౌకరి పోతది."

"నీ నౌకరి నువ్వు చేస్కో వీరేశం. నేను నీతోని కొట్లాడుతనా?"

అంటే మరియమ్మ ఇల్లు ఒక్కటే కాదు, మిగతా రెండిళ్ల వంట కూడా పోయినట్టే. సక్కుబాయి గేటు ఎదురుగా టీ కొట్టు పక్కన రాతిబల్ల మీద కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుంది. బ్లెస్సీకి ఫోన్ చేసింది. "సామ్సన్‌ను గేటు బయటికి తీస్కరా."

"బయటికా? అక్కా, నరేందర్ గారితో నేను మాట్లాడతాను, మీరు కంగారు పడకండి..."

"మాట్లాడు. గాని గడువు ఆగదు గదా. లోపట దారి వాళ్లది. రోడ్డు ఎవ్వని జాగీరు కాదు. తీస్కరా."

గడువులో మిగిలిన పన్నెండు రోజులూ పాఠం రోడ్డు మీదే జరిగింది. గేటుకు ఎడమవైపు ఫుట్‌పాత్, టీ కొట్టు, ఇడ్లీ బండి, ఆఫీసు క్యాబుల వరస, డెలివరీ బైకులు, మలుపులో నాలుగు వీధికుక్కలు. మొదటి రోజు సామ్సన్‌కు పిచ్చెక్కినంత పనైంది. ఫుట్‌పాత్ మీద పది అడుగులు వేయడానికే గంట గడిచింది. బస్సులోంచి జనం తొంగి చూశారు. కమిటీ వాళ్ల కార్లు పక్కనుంచి పోతుంటే సక్కుబాయి కావాలనే గేటుకు ఎదురుగా నిలబడింది. దాక్కోవలసిన పని తనకేముంది?

ఆమె కొత్తగా ఒకటి కనిపెట్టింది. సామ్సన్ లాగేది పొగరుతో కాదు, వాసన చూడాలన్న ఆత్రంతో. అందుకని తాడు వదులుగా ఉంచి కరెంటు స్తంభం దాకా నడిస్తే, ఆ స్తంభాన్ని తనివితీరా మూచూసేదాకా వదిలేది. చికెన్ ముక్క కంటే వాడికదే పెద్ద కూలి అయింది. వారం తిరిగేసరికి వాడు ఆమె మోకాలికి రాసుకుంటూ నడుస్తున్నాడు. తాడు మధ్యలో ఊయలలా వాలి ఉండేది.

ముప్పయ్యో రోజు. నరేందర్, ఇద్దరు కమిటీ సభ్యులు గేటు లోపల నిలబడ్డారు. "కుక్కను బ్లెస్సీ మేడం ట్రాక్ మీద నడిపిస్తే చాలు," అన్నాడు నరేందర్.

బ్లెస్సీ తల అడ్డంగా ఊపింది. "నేర్పింది ఆవిడండి. ఆవిడే నడిపిస్తారు. ఆవిడ లోపలికి రాకూడదన్నారు కాబట్టి మీరే బయటికి రండి."

సభ్యుల్లో ఒక పెద్దాయన నవ్వి ముందుగా బయటికి నడిచాడు. నరేందర్‌కు తప్పలేదు.

సక్కుబాయి తాడు పట్టుకుని బయలుదేరింది. ఇడ్లీ బండి దాటింది. క్యాబుల వరస దాటింది. మలుపు దగ్గర వీధికుక్క ఒకటి ఉరికొచ్చి మొరిగింది. సామ్సన్ ఎగిరాడు. తాడు బిగిసింది.

"అగో, గుంజిండు! చూసిన్రా?" అన్నాడు నరేందర్.

సక్కుబాయి నిలబడిపోయింది. క్యాబులు హారన్లు కొట్టాయి. వీధికుక్క మొరుగుతూనే ఉంది. కమిటీ అంతా ఎండలో నిలబడి చూసింది. సామ్సన్ రెండుసార్లు ముందుకు తోసుకున్నాడు, తర్వాత వెనక్కి తిరిగాడు. నెమ్మదిగా వచ్చి ఆమె ఎడమ మోకాలి పక్కన కూర్చున్నాడు.

"గుంజకుండ ఉండే కుక్క ఉండదు సార్," అంది సక్కుబాయి. "గుంజినంక తిరిగొచ్చే కుక్క కావాలె మీకు. గిదిగో."

పెద్దాయన ఏదో అనబోతుండగా మరియమ్మ గేటులోంచి వచ్చింది. కట్టు ఇంకా విప్పలేదు. ఎడమ చెయ్యి చాచింది. "ఇటివ్వు సక్కుబాయ్." సక్కుబాయి ఒక్క క్షణం ఆగి తాడు ఇచ్చింది. మరియమ్మ సామ్సన్‌తో మలుపు నుంచి గేటు దాకా నడిచింది. తాడు ఒక్కసారి కూడా బిగియలేదు. టీ కొట్టు దగ్గర కూర్చున్న డ్రైవర్లు చప్పట్లు కొట్టారు.

సామ్సన్ ఉండిపోవచ్చని కమిటీ రాసిచ్చింది. సక్కుబాయి పాస్ సంగతి పది రోజుల తర్వాత తేలింది. బ్లెస్సీ పోట్లాడగా మళ్లీ ఇస్తామన్నారు. కాకపోతే సర్వీసు గేటులోంచే రావాలి, సర్వీసు లిఫ్టే ఎక్కాలి, ట్రాక్ మీద అడుగు పెట్టకూడదు. వీరేశం ఫోన్ చేసి సంబరంగా చెప్పాడు. "అక్కా, ఆకుపచ్చగొచ్చింది. రేపటి సంది రావొచ్చు."

"ఆళ్లకు చెప్పు వీరేశం. ముందల గేటు తెరిచినప్పుడు వస్త."

గేటు అలా తెరవలేదు. ఆమె కూడా వెళ్లలేదు. తొమ్మిదో అంతస్తు వంటగది ఆమెకు చాలా రోజులు గుర్తొచ్చింది. ఆ కిటికీలోంచి చెరువు కనిపించేది, మరియమ్మ రేడియో పెట్టేది. కానీ సామ్సన్‌కు నడక నేర్పింది సక్కుబాయేనని బ్లెస్సీ అపార్టుమెంటు గ్రూపులో ఒక్క ముక్క రాసింది. నెలలోపు ఆమె దగ్గర నడక నేర్చుకోవడానికి ఐదు కుక్కలు వచ్చాయి. వాటి యజమానులే పొద్దున ఆరింటికి వాటిని గేటు బయటికి తెచ్చి అప్పగిస్తారు. మరియమ్మ కూడా దిగొచ్చి రాతిబల్ల మీద ఆమెతో టీ తాగి వెళ్తుంది.

మొన్న ఒక పొద్దున తేజ అనే కొత్తాయన కుక్కతో మొదటి పాఠం. అది గేటు ఎదురుగానే తాడు బిగించింది. సక్కుబాయి ఆగింది. సరిగ్గా అప్పుడే లోపలినుంచి నరేందర్ కారు వచ్చి ఆమె వెనక ఆగింది. హారన్ మోగింది. మళ్లీ మోగింది. ఆమె చెయ్యెత్తి, ఆగమన్నట్టు అరచెయ్యి చూపించింది. చూపు మాత్రం కుక్క మీదే ఉంది. ఆ కుక్క తిరిగి చూసి, తాడు వాలి, మొదటి అడుగు పడేదాకా కారు అక్కడే నిలిచి ఉంది.