సేటు బెల్లం, నా సైన్సు

ఆ రోజుల్లో తాండూరులో దగ్గుకు మందు ఏదంటే ఎవరైనా బెల్లమనే చెప్పేవారు. బండలు కోసే యూనిట్లలో సాయంత్రం పని దిగగానే కూలీలకు తలా ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టే అలవాటు ఉండేది. పొద్దంతా ముక్కులోకీ నోట్లోకీ పోయిన రాతిపొడిని ఆ ముక్క పట్టుకుని కిందికి దించేస్తుందట. ఈ వైద్యం కనిపెట్టిన మహానుభావుడెవరో నాకు తెలియదు గానీ, ఆయన ఒక్క పూట కూడా కటింగ్ మిషన్ ముందు నిలబడలేదని మాత్రం కాగితం మీద రాసిస్తాను. మా నాయిన పనిచేసే చోట మాస్కులు లేవు, రాయి కోసేటప్పుడు మీద పోయడానికి నీళ్ల పైపు లేదు. బెల్లానికి మాత్రం ఏనాడూ లోటు రాలేదు. మంచి బెల్లం, నల్లగా మెత్తగా ఉండేది. (యూనిట్ యజమాని సేటు మంచివాడనే అందరూ అనేవారు. నేనూ అన్నాను. బెల్లం తిన్న నోటితో ఇంకేమంటాం?)

మా వాళ్లది బొంరాస్‌పేట దిక్కు. అక్కడ కూలి పనులు దొరక్క తాండూరు వచ్చి, నాయిన బండల పనిలో కుదిరాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలూ మీసాలూ తెల్లగా ఉండేవి. మా అమ్మ ఆయన్ని గడప దాటనిచ్చేది కాదు. "ఆడ్నే దులుపుకో, నా కూరల పడుతది" అని అరిచేది. ఆయన చొక్కా విప్పి విదిలిస్తే వాకిట్లో ఒక చిన్న మబ్బు లేచేది. ఆ తర్వాత ఒక దగ్గు తెర, ఆ తర్వాత జేబులోంచి బెల్లం. సగం తను చప్పరించి, సగం నాకిచ్చేవాడు. "నువ్వు గూడ తిను బిడ్డా. బడికి పోయేటప్పుడు దుమ్మంత మింగుతున్నవ్ గదా" అనేవాడు.

నేను తొమ్మిదో తరగతికి వచ్చాక, వికారాబాదులో వైజ్ఞానిక ప్రదర్శన ఉందని, మన ఊరి సమస్య మీద ఏదైనా చేసి తెమ్మని మా సైన్సు సారు చెప్పారు. మిగతా పిల్లలు చెత్తబుట్టలూ, చెట్లు నాటే బొమ్మలూ అనుకున్నారు. నాకు మాత్రం బుర్రలో దీపం వెలిగింది. బెల్లం పనిచేస్తుందని సైన్సు ప్రకారం నిరూపిస్తానన్నాను. సారు ఎగిరి గంతేసినంత పని చేశారు. "శభాష్! లోకల్ నాలెడ్జి!" అన్నారు. ఆయన సొంతూరు తాండూరు కాదు. అయినా స్టాఫు రూములో ఎవరో పెడితే ఆయన కూడా రోజూ బెల్లం తినేవారు.

గిన్నెలు తోమే స్పాంజీలు రెండు తెచ్చి ఊపిరితిత్తుల ఆకారంలో కోశాను. నాయిన సంచిలో రాతిపొడి తెచ్చాడు. రెండింటి మీదా చల్లి, ఒకదాని మీద మామూలు నీళ్లు పోశాను. పొడి తెల్లగా మచ్చలు మచ్చలుగా అలాగే ఉంది. రెండోదాని మీద బెల్లం నీళ్లు పోశాను. ఒక్క తెల్ల మచ్చ ఉంటే ఒట్టు! పొడి పోయింది! (ఎక్కడికీ పోలేదు. బెల్లం రంగు పులుముకుని అక్కడే కూర్చుంది. కనబడనిది లేదనుకోవడం నాకొక్కదానికే వచ్చిన విద్య కాదనుకోండి, పెద్ద పెద్దవాళ్లు దాని మీదే బతికేస్తున్నారు.) నాయిన ఆ స్పాంజీని అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయాడు.

"సూసినవానే, సూసినవా?" అని అమ్మను పిలిచాడు. "గందుకే నేను గింత గట్టిగున్న. నా బిడ్డ సైన్సుల తేల్చింది." ఆ మాట పూర్తయ్యేలోపే రెండుసార్లు ఆగి దగ్గాడు. మేమెవరం పట్టించుకోలేదు. ఆ దగ్గు మా ఇంట్లో గోడ గడియారం చప్పుడులాగా అలవాటైపోయింది.

సంగతి సేటు దాకా పోయింది. ఆయన ఉబ్బితబ్బిబ్బై ఒక పెద్ద బెల్లం దిమ్మ పంపాడు, నాయినకు సెలవు కూడా ఇచ్చాడు. అంత బెల్లం చేతికొస్తే ఆగుతానా? పలచటి నీళ్లకే అంత పనిచేస్తే చిక్కటి పాకం ఇంకెంత పనిచేస్తుందోనని, వికారాబాదులో మొదటి రోజు సాయంత్రం బెల్లం నీళ్లు పోసిన కుడి ఊపిరితిత్తిని పాకంలో ముంచి తీసి బల్ల మీద పెట్టి, పడుకోవడానికి హాస్టలుకు వెళ్లాను. వెనక గోడకు నేనే గీసిన చార్టు ఉంది. మనిషి బొమ్మ, అన్నం పోయే గొట్టం ఎర్ర స్కెచ్చు పెన్నుతో, గాలి పోయే గొట్టం నీలం స్కెచ్చు పెన్నుతో. బొమ్మ చక్కగా కుదిరిందని సారు వెన్ను తట్టారు.

తెల్లారి వెళ్లేసరికి చీమలు. మా బల్ల మీద మొదలై, పక్కన మర్పల్లి పిల్లాడు కట్టిన అగ్నిపర్వతం ఎక్కి, బిలంలోకి దిగుతున్నాయి. "సార్! మా అగ్నిపర్వతానికి చీమలు పట్టినయ్ సార్!" అని వాడు ఏడుపు. నేను చున్నీతో చీమలు దులుపుతుండగానే పరీక్షించేవాళ్లు వచ్చారు. వాళ్లలో ఒక డాక్టరమ్మ ఉంది. నాయిన కూడా పొద్దున బండికి వచ్చి, పెళ్లిళ్లకు వేసుకునే తెల్ల చొక్కాతో నా వెనక నిలబడ్డాడు.

కంఠతా పట్టినదంతా గడగడా అప్పజెప్పాను. డాక్టరమ్మ కుడి ఊపిరితిత్తిని చేతిలోకి తీసుకుని నొక్కబోయింది. అది నొక్కుకోలేదు. రాతిపొడీ బెల్లమూ కలిసి, రాత్రంతా ఆరి, బిగుసుకుపోయింది. ఆమె దాన్ని బల్లకేసి కొట్టింది. టక్, టక్.

"ఇది ఊపిరితిత్తా, మీ తాండూరు బండనా?" అంది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకటే నవ్వు. అగ్నిపర్వతం పిల్లాడు కూడా ఏడుపు మానేసి నవ్వాడు. నాయిన అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"సరే, చెప్పమ్మా. బెల్లం తింటే ఎటు పోతుంది?"

నేను కర్ర తీసుకుని చార్టు మీద ఎర్ర గొట్టం వెంట గీసుకుంటూ పొట్ట దాకా వెళ్లాను.

"దుమ్ము పీలిస్తే?"

కర్ర నీలం గొట్టం మీదికి వెళ్లి, ఊపిరితిత్తుల దగ్గర ఆగింది. ఎర్రది అటు, నీలంది ఇటు. గొంతు దిగాక రెండూ ఎక్కడా కలవలేదు. నేనే గీశాను, నేనే రంగులేశాను, పేర్లు కూడా గుండ్రటి అక్షరాలతో నేనే రాశాను. పరీక్షలో వస్తే పూర్తి మార్కులు తెచ్చుకునేదాన్ని కూడా. ఆ బొమ్మ మా నాయినదేనని మాత్రం అప్పటిదాకా తట్టలేదు.

నవ్వుతున్న నాయినకు దగ్గు వచ్చింది. ఎప్పటిలాగే మొదలైంది గానీ, అలవాటు లేని చోట విన్నందుకేమో, అది ఎంత పొడుగు దగ్గో నాకు మొదటిసారి తెలిసింది. నవ్వేవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు. డాక్టరమ్మ స్పాంజీని బల్ల మీద పెట్టి ఆయన వైపు తిరిగింది.

"ఏం పని చేస్తావయ్యా?"

"బండలు కోస్త మేడం."

"దగ్గు ఎప్పటి నుంచి?"

"గది దగ్గు గాదు మేడం, జర పొడి. పొద్దుగూకితే బెల్లం తింట, సాఫైతది."

ఆమె ఆయన్ని పక్కకు తీసుకెళ్లి, వీపు మీద చెవి ఆనించినంత పని చేసి, ఆస్పత్రికి వచ్చి ఛాతీ ఫోటో తీయించుకోమంది. మూతికి మాస్కు కట్టుకోవాలని, రాయి మీద నీళ్లు పోస్తూ కోయాలని, మీ సేటుకు చెప్పమని అంది. అన్నీ విని నాయిన చేతులు కట్టుకుని ఒకటే అడిగాడు. "మరి బెల్లం తినుడు బంద్ చెయ్యాల్నా మేడం?"

"తినవయ్యా, తియ్యగుంటుంది. దానితో అంతే" అంది.

తిరుగు రైల్లో ఆయన ఆ గట్టి స్పాంజీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఏడుస్తుంటే, "నువ్వెందుకేడుస్తవ్ బిడ్డా? మంచిగైంది. రేపు ఇద్దరం పోయి సేటుకు గిది సూపెడదాం. మాస్కులిస్తడు, నీళ్ల పైపు ఏపిస్తడు. పెద్ద డాక్టరమ్మ చెప్పిందంటే ఇనడా?" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. బహుమతి పోతే పోయింది, నా సైన్సు మా నాయినను కాపాడుతుందనుకున్నాను.

సేటు మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి మరీ విన్నాడు. స్పాంజీని తను కూడా బల్లకేసి కొట్టి చూశాడు. మాస్కుల మాట, నీళ్ల మాట అన్నింటికీ తలూపి, "సూద్దాం, సూద్దాం" అన్నాడు. ఆఖర్న నావైపు వంగి, "అంటే బెల్లంతోని ఫాయిదా లేదంటవ్?" అని అడిగాడు.

"లేదు సేటు" అన్నాను, సైన్సు విద్యార్థినిని కదా, గట్టిగా.

మర్నాటి నుంచి బెల్లం బంద్.

మాస్కులు రాలేదు. పైపు రాలేదు. వచ్చిందల్లా మా గుమ్మం ముందుకు జనం. "నీ బిడ్డ సదువు సల్లగుండ, నోటికాడి బెల్లం తీసింది గదనే!" అని పక్కింటామె అమ్మ మీద విరుచుకుపడింది. వాళ్ల పిల్లలు కూడా నాలాగే ఆ సగం ముక్క కోసం సాయంత్రాలు ఎదురుచూసేవాళ్లు. సేడం నుంచి వచ్చి పనిచేసే ముసలాయన రోజూ పని దిగగానే ఖాళీ చెయ్యి చాపి, "బెల్ల ఇల్ల?" అని కన్నడంలో అడిగి, లేదనిపించుకుని, నన్ను తిట్టుకుంటూ వెళ్లేవాడట. ఎవరూ సేటును తిట్టలేదు. ఇన్నేళ్లు పెట్టిన మంచివాడు కదా! నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఛాతీ ఫోటోలో ఉండాల్సిన తెల్ల మచ్చలన్నీ ఉన్నాయి. నాయిన కొన్నాళ్లు తడి తువ్వాల మూతికి చుట్టుకుని కోశాడు. ఊపిరాడక తీసేశాడు. పని మానేయమని అమ్మ ఏడిస్తే, "మానేస్తే ఏం తింటం? బెల్లం గూడ లేదాయె" అని నవ్వాడు.

ఇప్పుడు నేను కోట్‌పల్లి దగ్గర బడిలో సైన్సు చెబుతున్నాను. రెండు గొట్టాల బొమ్మ గీసినప్పుడల్లా పిల్లలు భయపడేంత గట్టిగా చెబుతాను. నాయిన ఆఖరి రోజులు వికారాబాదు ఆస్పత్రిలో గడిచాయి. అక్కడి కొండగాలి మంచిదని దూరాల నుంచి జనం వస్తారు. మా నాయినకు ఆ గాలి లోపలికి తీసుకునే చోటు మిగల్లేదు. ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచి, "జర బెల్లం ముక్క దొరుకుతదా బిడ్డా?" అని అడిగాడు. బజారుకు పరుగెత్తి తెచ్చాను. ఆయన కొరికి, మిగతా సగం, పాత అలవాటే, నా చేతిలో పెట్టాడు. కళ్లు మూసుకుని చాలాసేపు చప్పరించాడు.

"సాఫైంది బిడ్డా" అన్నాడు.

తెల్ల మచ్చలు కనబడలేదని గంతులేసిన ఆ తొమ్మిదో తరగతి పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. నా సగం నేను నోట్లో వేసుకుని, "అవును నాయినా, సాఫైంది" అన్నాను.