మంచం కింద రెండో ఫోను

టెలిఫోను లైన్లు బాగుచేసే మా మాస్టారికి ఒకటే జబ్బు: ఇంటర్నెట్ ఎలా వస్తుందో పాఠం చెప్పి, తిరిగి అప్పజెప్పించుకుంటే గాని గుమ్మం దిగేవారు కాదు. రిపేరుకు ఐదు నిమిషాలు, పాఠానికి గంటన్నర. ఆయనతో రెండేళ్లు పనిచేశాను. మమ్మల్ని చూసి తలుపులేసుకున్న ఇళ్లు లెక్కలేనన్ని.

పాఠం చిన్నదే. ఉన్నది ఒకటే రాగి తీగ. అందులో మన మాట మంద్రస్వరంలో పోతుంది, ఇంటర్నెట్ చెవికందని కీచుస్వరంలో పోతుంది. రెండూ కొట్టుకోకుండా ప్రతి ఫోనుకీ ఫిల్టరనే చిన్న డబ్బీ తగిలించాలి, లేకపోతే ఫోనెత్తగానే నెట్ పోతుంది. ఎక్స్ఛేంజికి దూరమయ్యేకొద్దీ వేగం తగ్గుతుంది. పన్ను పీకించుకున్న రోజున కూడా మాస్టారు నోట్లో దూదితోనే, "దూలమైతే వేగం ఏమవుతుంది?" అని డాక్టర్ని నిలదీశారు. డాక్టరు జవాబు చెప్పాకే కుర్చీ వదిలారు.

ఒక ఇంట్లో కోడలు ఆసుపత్రి రిపోర్టులు టైపు చేసి పంపేది. రోజూ మధ్యాహ్నం నెట్ ఠపీమని పోయేది.

"ఇంకొక్కసారి పోతే పని వేరేవాళ్లకిచ్చేస్తామన్నారండీ. ముగ్గురొచ్చి మోడెమ్ మార్చి పోయారు," అంది.

మాస్టారు అత్తాకోడళ్లను ఎదురుగా కూర్చోబెట్టి పాఠం మొదలెట్టారు. అప్పజెప్పే వంతు అత్తగారికొచ్చింది.

"ఫిల్టరు దేనికి పెట్టాలమ్మా?"

"ప్రతి ఫోనుకీ."

"మీ ఇంట్లో ఎన్ని?"

"రెం... ఒకటే."

మాస్టారు కోడలి వైపు తిరిగారు. "కాసిని మంచినీళ్లిస్తావా తల్లీ?"

ఆమె వంటింట్లోకి వెళ్లగానే గొంతు తగ్గించారు. "రెండోదెక్కడ?"

"నా మంచం కింద, నాయనా. గోడకి పాత కనెక్షనుంటే తగిలించుకున్నా. హాల్లో మాట్లాడితే కోడలి పనికి అడ్డమని, మధ్యాహ్నాలు ఆ మూల కూర్చుని మా చెల్లెలితో నాలుగు ముక్కలు..." అని ఆవిడ ఆగిపోయింది. "అయితే దాని పొట్ట కొడుతున్నది నేనేనా?"

మాస్టారు మంచం కింద దూరి, ఆ ఫోనుకు ఫిల్టరు తగిలించారు. నా సెల్లునుంచి ఆ ఇంటికి ఫోను చేయించారు. మోగినంతసేపూ మోడెమ్ దీపాలు ఆరలేదు.

కోడలు నీళ్లు తెచ్చింది. "తప్పెక్కడుందండీ?"

గంటన్నర ఖాయమనుకుని నేను గోడకు చేరగిలబడ్డాను.

"గోడ దగ్గర పాత కనెక్షనమ్మా. సరిచేశాను. ఇకమీదట నువ్వు పనిచేసుకుంటుంటే అత్తగారు ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు," అన్నారు.

"అసలు ఏమైందండీ?" అని కోడలు వదల్లేదు.

"అన్నీ నీకెందుకు తల్లీ, పని చూసుకో!"

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను: "అసలు సంగతి చెప్పలేదేం మాస్టారూ?"

"సిలబస్‌లో లేదు. నడు."