కాఫీ అడిగిన మామగారు

కళ్లజోళ్ల దుకాణంలో బేరం లేనప్పుడల్లా ఆమె ఫోన్‌లో ఒంటి బొటనవేలితో ఆన్‌లైన్ సీరియల్ రాస్తుంది. రెండో చేతిలో అద్దాలు తుడిచే గుడ్డ అలాగే ఉంటుంది. వారానికో భాగం, దానికి వేలల్లో పాఠకులు. ఈబుక్‌గా తేవాలనిపించి, ముందు మొత్తం ఆడపడుచు చేత చదివించింది.

"వదినా, కథ మొదట్లోనే పోయిన మామగారు మధ్యలో లేచి కాఫీ అడుగుతాడేంటి?"

"కామెంట్లలో అందరూ ఒకటే ఏడుపు. పోనీలే అని బతికించాను."

"వారం వారం చదివేవాళ్లకి గుర్తుండదు. పుస్తకమైతే ఒక్క పూటలో చదివేస్తారు, పరువు పోతుంది. పుస్తకం వద్దు, ఊరుకో!"

"ఊరుకోవడమెందుకు? పుస్తకం మధ్యలో ఏడ్చి నా చెయ్యి పట్టుకుని ఆపేవాళ్లు ఉండరుగా!"

కాఫీ అడిగిన దగ్గర్నుంచి మామగారి మాటలన్నీ కొట్టేసింది. ఈసారి అంత్యక్రియలు కూడా దగ్గరుండి జరిపించి, ఈబుక్ విడుదల చేసింది.